సున్నా గీత

తరళ కుడిచెవి వెనక అల్లిక గింజ పెట్టడానికి ఆమె మేనమామ సూరిబాబు విజయనగరం నుంచి పొద్దున్న బస్సుకే వచ్చేశాడు. కాళ్ళు కడుక్కుని, వాళ్ళావిడ పంపిన అరటిపళ్ళు బల్లమీద పెట్టి, "ఏదీ, ఎక్కడా గింజ?" అన్నాడు.

అది శనగబద్ద కన్నా పెద్దది కాదు. బూడిదరంగు. ఒకవైపు వెంట్రుక కన్నా సన్నటి పోగు ఉంటుంది. చెవి వెనక ఎముక మీద ఆనించి నొక్కితే ఆ పోగు చర్మంలోకి దిగిపోతుంది. ఆ తర్వాత దాన్ని తయారుచేసిన ల్యాబు వాళ్ళ దగ్గరున్న తాళంతో తప్ప ఊడిరాదు. ఆడపిల్లకైతే మేనమామ, మగపిల్లాడికైతే మేనత్త పెట్టాలి. పసుపు రాసిన తమలపాకులో పెట్టి ఇవ్వాలి. తూర్పుముఖంగా కూచోవాలి. అల్లిక పుట్టి పట్టుమని పదేళ్ళు కాలేదు గానీ, ఈ తంతంతా తాతముత్తాతల నాటి నుంచీ ఉన్నట్టే జరిపిస్తున్నారు జనం.

"ఇవన్నీ ఎవరు పెట్టేరే?" అంది అమ్మమ్మ అప్పలనరసమ్మ, గుమ్మంలో కూచుని వెల్లుల్లి ఒలుస్తూ. "నా పెళ్ళికీ చెవెనక చుక్కెట్టేరు. కాటుక చుక్క. దానికి కరెంటు అక్కర్లేకపోయింది."

"నువ్వు కాసేపు ఊరుకోమ్మా," అంది తరళ తల్లి సుభాషిణి.

సూరిబాబు బొటనవేలితో గింజను నొక్కిపట్టాడు. "నొప్పెడితే చెప్పమ్మడూ."

"నొప్పేం లేదు మావయ్యా."

"మీ అత్తకీ నాకూ ఇలాటిది ఉంటే ఎంత బాగుండేదో. పాతికేళ్ళ నుంచీ నేను టీవీని చూస్తన్నాను, అది నన్ను చూస్తన్నాది."

అందరూ నవ్వారు. సుభాషిణి నవ్వలేదు. కూతురి చెవి వెనక ఆ బూడిదరంగు చుక్కనే చూస్తోంది.

బూడిదరంగు అంటే గింజ నిద్రలో ఉన్నట్టు. జోడు గింజ పెట్టుకున్న మనిషి నాలుగడుగుల దగ్గరికొస్తే పసుపు వెలుగుతుంది. కాసేపు ఆ ఇద్దరూ ఎదురెదురుగా ఉంటే ఆకుపచ్చ. ఆకుపచ్చ వెలిగాక రెండు గింజలూ పని మొదలుపెడతాయి. ఒకరినొకరు చూసుకున్నప్పుడు లోపల కలిగే చిన్న మెరుపును పట్టుకుని, దాన్ని పూటపూటకీ పెంచుతాయి. పెద్దలు కుదిర్చిన ఇద్దరు, వారం తిరక్కుండానే, ఒకరి అడుగుల చప్పుడు కోసం ఒకరు చెవులు రిక్కించి కూచుంటారు.

తరళకు జోడు ప్రమోద్ అనే నరసన్నపేట అబ్బాయి. ఫోనులో రెండుసార్లు మాట్లాడాడు, మర్యాదస్థుడు. గురువారం వస్తాడు. అందరికీ మొదటి చూపు ఇంట్లోనే జరుగుతుంది. తరళకు మాత్రం ల్యాబులో, యంత్రాల ముందు పెట్టారు. ఎందుకంటే తరళలో పెంచడానికి ఆ మెరుపు లేదు. లేనిదాన్ని పుట్టించగలమా అన్నది ల్యాబు వాళ్ళు మొదటిసారి ఈమెతోనే చూడబోతున్నారు.

*

మెరుపు లేదన్న సంగతి మొదట తెలిసింది సుభాషిణికే. సాగర్‌నగర్ దాటాక కొండవాలులో ఉన్న ఆ ల్యాబులో కొలతల విభాగం ఆమెది. మూడేళ్ళ కిందట ఒక వేసవి మధ్యాహ్నం తరళ క్యారియరు పట్టుకొచ్చి, ఊరికే సరదాకి కుర్చీలో కూచుని తలకు పట్టీ పెట్టుకుంది. ముఖాలు చూపించారు, గొంతులు వినిపించారు. తెరమీద మెరుపును చూపించే గీత కదల్లేదు. సుభాషిణి పట్టీ మార్చింది. తీగ మార్చింది. చివరికి కుర్చీ కూడా మార్పించింది.

"తీగ బాగానే ఉందమ్మా," అంది తరళ. "నేనే ఇంత."

ల్యాబులో మిగతావాళ్ళు మాత్రం పండగ చేసుకున్నారు. కొట్టు తెరవగానే షావుకారు ఖాళీ తక్కెడ సరిచూసుకున్నట్టు, వాళ్ళకి రోజూ పొద్దున్నే ఒక సున్నా కావాలి. తరళ గీతంత శుభ్రమైన సున్నా మరెక్కడా దొరకలేదు. అప్పట్నుంచీ కాలేజీకి వెళ్ళేముందు ఆమె ల్యాబుకొచ్చి కాసేపు పట్టీ పెట్టుకోవడం, టీ తాగి వెళ్ళడం అలవాటైంది. "సున్నా వచ్చిందా?" అని అడిగేవారు. ఆ పిలుపు తరళకు కొన్నాళ్ళు ముద్దుగానే ఉండేది.

వయసొస్తే మారుతుందని సుభాషిణి ఎదురుచూసింది. పద్ధెనిమిది వెళ్ళింది, పంతొమ్మిది వచ్చింది. మొన్న వానాకాలంలో సుభాషిణికి గుండె ఆపరేషను అయింది. ఆసుపత్రి మంచం మీద కూతురి మణికట్టు పట్టుకుని, "మీ నాన్న పోయినప్పుడు నాకు నువ్వున్నావు. రేపు నేను పోతే నీకెవరే?" అంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఆ క్షణంలో తల్లి ఏమడిగినా తరళ సరే అనేది. అల్లిక పెట్టుకోమంటే సరే అంది.

అల్లిక పెట్టిన మర్నాడు, బుధవారం పొద్దున్న, తరళ ఇదే ఆఖరిసారి అనుకుని సున్నా కుర్చీలో కూచుంది.

"రేపట్నించి ఇంకొకర్ని వెతుక్కోవాలి," అంది సుభాషిణి పట్టీ బిగిస్తూ. 

"నాకు లేనిది నాకు కావాలనిపించట్లేదమ్మా. ఎన్నిసార్లు చెప్పను?"

"రుచి చూడకుండా వద్దంటే ఎలాగే?"

"కొన్నిటికి వాసన చాలు."

"వెటకారాలకేం తక్కువ లేదు." సుభాషిణి తెర వైపు తిరిగింది. గీత ఎప్పట్లాగే అడుగున పడుకుని ఉంది.

"రోజూ నా గీత తీసుకుని ఏం చేస్తారు?" మూడేళ్ళలో తరళ అడగని ప్రశ్న అది.

"మిగతావాళ్ళలోంచి తీసేస్తాం. మనిషి బుర్ర సంతలా ఉంటుంది. వంద గొంతులు. మాకు కావాల్సింది ఒక్కటే. నీలో ఆ గొంతు లేదు కదా, అంచేత నీలో ఉన్నదంతా రొద అన్నమాట. అదే రొద ఎవరిలో వినబడినా నొక్కేయమని అల్లికకు నేర్పాం. అప్పుడు ఆ ఒక్క గొంతూ పైకొస్తుంది."

"అంటే నా రొద ఊరందరికీ పనికొస్తోందన్నమాట," అని నవ్వి తరళ సంచి భుజాన వేసుకుంది.

ఆ రోజు కాలేజీకి వెళ్ళలేదు. గాజువాక బస్సెక్కింది. అల్లిక పెట్టుకుంటే ఎలా ఉంటుందో చెప్పగలిగిన మనిషి ఆమెకు ఒక్కతే ఉంది.

*

హైమ, తరళ అక్కయ్యపాలెంలో పక్కపక్క ఇళ్ళలో పెరిగారు. హైమకు తల్లి లేదు. తండ్రి సన్యాసిరావు బస్సు డిపోలో మెకానిక్కు. పిల్లకు జడ వేయడం తరళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాడు. స్నేహితురాళ్ళిద్దరూ ఒకే నవలను పంచుకుని చదివేవారు. ముందు తరళ చదివేది. అడవులూ, దొంగతనాలూ, పరీక్షల్లో తప్పి ఇల్లు వదిలిన పిల్లలూ ఉన్నంతసేపూ పుస్తకం వదిలేది కాదు. కథలో పిల్ల ఒక అబ్బాయి వంక చూసి తల దించుకున్న పేజీ రాగానే, అక్కడ బస్సు టిక్కెట్టు పెట్టి, "ఇక్కణ్ణుంచి నీది," అని హైమకు ఇచ్చేసేది. మిగతా కథ హైమ చెప్పేది. తన ఈడు పిల్ల ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, అందుకు ఏడవకుండా, ఆఖరి పేజీ దాకా వెళ్ళే పుస్తకం ఉందా అని తరళ ఒకసారి లైబ్రరీలో అడిగింది. లైబ్రరీ ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "మరలాంటి పిల్ల కథలో ఏం జరుగుతుందమ్మా?" అన్నాడు. ఆ మాట చెబితే హైమ కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత కోపం తెచ్చుకుంది. కోపం ఎక్కువసేపు ఉంది.

హైమకు రఘుతో పెళ్ళి ఎండాకాలంలో, అల్లికతోనే జరిగింది. పోయిన నెల సన్యాసిరావు డిపోలోనే కుప్పకూలి చనిపోయాడు. హైమ వచ్చింది, నిలబడింది, సాయంత్రం అవకుండానే మొగుడితో వెళ్ళిపోయింది. కొత్త పెళ్ళికూతురు, దిగమింగుకుంటోంది పాపం అన్నారు వీధిలో. తరళ కూడా అలాగే అనుకుంది. లోపల ఎక్కడో నొచ్చుకుంది కూడా.

ఇప్పుడు తలుపు తీసిన హైమ బాగుంది. ఒళ్ళు చేసింది. "రా, కూచో. రఘు భోజనానికొచ్చే టైమైంది," అంది గోడ గడియారం చూసి.

"ఎలా ఉన్నావే?"

"బాగున్నాను."

తరళ జుట్టు తొలగించి గింజ చూపించింది. "నాకూ పెట్టేశారు. ఎలా ఉంటుందో చెప్పు. భయంగా ఉంది."

"బాగుంటుంది. భయం దేనికి?" హైమ ఆ గింజను దువ్వెనను చూసినట్టు చూసింది. తరళకు ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే వీధిలోకి వెళ్ళి పోట్లాడి వచ్చిన పిల్ల ఇది.

"సన్యాసిరావు మావయ్య గుర్తొస్తున్నారా?"

"ఆఁ. గుర్తున్నారు."

"అది కాదే..."

"అన్నీ గుర్తున్నాయి తరళా. నాన్న నాకు జడ వేసేవాడు. రబ్బరు బ్యాండు పళ్ళతో పట్టుకునేవాడు. నేను నీ దగ్గర లెక్కలు చెప్పించుకునేదాన్ని." అడ్రసు చెబుతున్నట్టు చెప్పింది. "అవన్నీ జరిగాయి. అంతే. అందరూ ఏడవలేదేం అంటారు. ఏడవాలని నాకూ తెలుసు. అది ఎక్కడ మొదలవుతుందో తెలియట్లేదు."

"రఘు వాళ్ళ ఇంటివాళ్ళు వస్తున్నారా?"

"రఘు ఫోను చెయ్యడం మానేశాడు. వాళ్ళూ విసిగి మానేశారు. మాకిద్దరికీ ఎవరూ గుర్తుకు రారే, అదేంటో." హైమ కొంచెం నవ్వింది. అప్పుడే బయట స్కూటరు చప్పుడైంది. ఆమె ముఖం ఒక్కసారిగా వెలిగింది. ఆ వెలుగు తరళకు తెలిసినదే. ఒకప్పుడు అది తండ్రి డ్యూటీ దిగి వచ్చినప్పుడు వచ్చేది, గోడ మీంచి తరళ పిలిచినప్పుడు వచ్చేది, వీధికుక్క రాములుకు అన్నం పెట్టేటప్పుడు కూడా వచ్చేది. ఇప్పుడు అన్నీ ఆరిపోయి ఒక్క దీపం మిగిలింది.

వెళుతుంటే హైమ అలమరలోంచి పుస్తకాల కట్ట తీసి ఇచ్చింది. "ఇవి నీవే కాబోలు. చోటు ఆక్రమించేస్తున్నాయి."

తిరుగు బస్సులో కిటికీ పక్క కూచుని, తరళ ఆ కట్టను ఒళ్ళో పెట్టుకుని ఆలోచించింది. హైమలో ఏం పోయింది? నాన్న పోయాడు, స్నేహం పోయింది, కుక్క మీద జాలి పోయింది, లైబ్రరీ ఆయన మీద కోపం పోయింది. ఏం మిగిలింది? రఘు. మిగిలినది తరళలో లేనిదొక్కటే. పోయినదంతా తరళలో ఉన్నదే.

నీలో ఉన్నదంతా రొద అన్నమాట. నొక్కేయమని నేర్పాం.

ఆమె చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది. గింజ చర్మంలో భాగంలా గట్టిగా అతుక్కుని ఉంది. హైమకి ఒక దీపమైనా మిగిలింది. తనలో అది మొదట్నుంచీ లేదు. రొద అంతా నొక్కేశాక తనలో ఇక మిగిలేదేముంటుంది?

ఫోను మోగింది. సుభాషిణి. "ఎక్కడున్నావే? పెట్టుబడి పెట్టేవాళ్ళు ఇవాళే దిగారు. రేపు ఉండరట. ప్రమోద్‌ని కూడా పిలిపించేశారు, దారిలో ఉన్నాడు. తిన్నగా ల్యాబుకొచ్చెయ్."

"అమ్మా, అతన్ని కిందే ఆపు. నేను నీతో మాట్లాడేదాకా పైకి రానివ్వకు."

"ఏమైందే?"

"ఆపమ్మా!"

బస్సులో నలుగురు తిరిగి చూశారు.

*

ల్యాబు గేటు దగ్గర తెల్ల కార్లు నిలబడి ఉన్నాయి. తరళ ముందువైపు వెళ్ళకుండా వెనక మెట్లెక్కింది. కొలతల గదిలో తల్లితో పాటు డైరెక్టరు పురుషోత్తం ఉన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

"రామ్మా, రా. ఇవాళ్టితో నీ సున్నా ఉద్యోగం ఊడినట్టే."

తరళ నిలబడే చెప్పింది. ఆయాసంలో మాటలు ముందూ వెనకా అయ్యాయి. హైమ సంగతి, రఘు సంగతి, తన గీత సంగతి. విన్నకొద్దీ సుభాషిణి ముఖం తెల్లబడింది గానీ తల మాత్రం అడ్డంగా ఊపింది.

"కొందరికి ఏడుపు రాదే. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"కొత్తగా పెళ్ళయినవాళ్ళు అమ్మానాన్నల్ని మర్చిపోతే అది కూడా మా యంత్రం మీదే తోస్తావా?" పురుషోత్తం నవ్వాడు. "మా ఆవిడ నన్ను చేసుకున్న కొత్తలో పుట్టింటికి ఉత్తరం ముక్క రాయలేదు. అప్పటికి అల్లిక ఎక్కడిది?"

"అదే సర్ నేననేది. అలా మర్చిపోవడం మామూలే అనుకున్నాం. అందుకే ఎవరం పట్టించుకోలేదు. పిల్లలు మమ్మల్ని మర్చిపోయారని వాళ్ళ అమ్మలు వచ్చి మీకు చెబితే మీరు నవ్వి పంపించేశారు, నేనిక్కడ టీ తాగుతూ చూశాను. నా గీతలో ఏముందో ఎప్పుడైనా చూశారా?"

"సున్నాలో చూడ్డానికేముంటుందమ్మా?"

తరళ కుర్చీలో కూచుంది. పట్టీ తనే పెట్టుకుంది. "అమ్మా, తీసివేత ఆపి ఒక్కసారి చూడు. ఈ మూడేళ్ళలో నా గీతని నా గీతలోంచి తీసేసి, సున్నా వచ్చిందని రాసుకుంటున్నారు. అసలుది ఎవరూ చూడలేదు."

సుభాషిణి కదల్లేదు. రోజూ పొద్దున్న యంత్రం ముందురోజు గీతను చెరిపి, చూపించకుండానే కొత్తది రాసుకునేది. అసలు గీత ఎలా ఉంటుందో నిజంగానే ఆమెకు తెలియదు. కుర్చీ కూడా మార్చింది గానీ తీసివేత ఆపే ఆ ఒక్క బొత్తాం మాత్రం ఎప్పుడూ నొక్కలేదు.

మెట్ల మీద చాలా అడుగుల చప్పుడు. ఎవరో ఇంగ్లీషులో గట్టిగా నవ్వుతున్నారు. పురుషోత్తం తలుపు వైపు నడిచాడు. "సుభాషిణి గారూ, వచ్చినవాళ్ళ ముందు తల్లీకూతుళ్ళ తగువు బాగుండదు. ఆ అబ్బాయికి కూడా మాటిచ్చాం. మీ ఇష్టం మీదే కదా ఇదంతా జరిగింది."

"సార్, ఒక్క నిమిషం..."

ఆయన తలుపు తీశాడు. గుమ్మంలో, కొత్త చొక్కా మడతలు ఇంకా విప్పుకోని కుర్రాడు నిలబడి ఉన్నాడు. లోపలికి రావాలా వద్దా తెలియక నమస్కారం పెట్టాడు.

తరళ చెవి వెనక పసుపు వెలిగింది.

ఆమెకు కనబడలేదు. తల్లి కళ్ళలో చూసి తెలుసుకుంది. చెవి వెనక ఎముకలో సన్నటి జిల పుట్టింది. లేవబోయింది. లేస్తే పట్టీ ఊడిపోతుంది, ఊడితే ఇక ఎవరూ చూడరు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూచుంది. "అమ్మా," అంది. 

సుభాషిణి బొత్తాం నొక్కింది. ఆ భయానికి గుండె కలుక్కుమంది కాబోలు, ఎడమచెయ్యి రొమ్ము మీదికి పోయింది.

తెరమీద, మూడేళ్ళుగా అడుగున పడుకున్న గీత, లేచి పై అంచుకు కొట్టుకుంది.

సుభాషిణి చెయ్యి దించింది. గీత మెల్లగా దిగడం మొదలుపెట్టింది. ఆమె కొలతలు తీసే మనిషి. ఒక్కసారి చూసి నమ్మదు. చెయ్యి మళ్ళీ రొమ్ము మీద పెట్టుకుంది. గీత మళ్ళీ లేచింది.

"మాత్ర వేసుకున్నావా లేదా?" అంది తరళ పసుపు వెలుగు సంగతే మర్చిపోయి. "అమ్మా, నిన్నే. పొద్దుటి మాత్ర వేసుకున్నావా?"

సుభాషిణి మెళ్ళో గొలుసుకున్న తాళం తీసింది. అది రెండుసార్లు జారింది. మూడోసారి గింజ అరచేతిలోకి ఊడి వచ్చింది. దాని పోగు చివర రక్తం చుక్క ఉంది. పసుపు ఆరిపోయింది.

"ఏం చేస్తున్నారు మీరు!" పురుషోత్తం గొంతు మొదటిసారి పెరిగింది. "రెండు వేల జంటలున్నాయి బయట. ఏం చెబుతారు వాళ్ళకి?"

"చూసింది చెబుతాను సార్." ఆమె తెర వంకే చూస్తోంది. "మనం ఇన్నాళ్ళూ తీసేసింది ఇదీ."

ప్రమోద్ గుమ్మంలోనే నిలబడి, తన చెవి వెనక తడుముకుని, "మేడమ్, నాదీ తీసేస్తారా? ఏమీ అనుకోకండి. మా చెల్లిని రోజూ కోచింగుకి నేనే దింపుతాను," అన్నాడు.

*

సుభాషిణి ఉద్యోగం పోయింది. ఆమె చూసింది చూసినట్టు పేపర్లలో వచ్చింది. అబద్ధమని పురుషోత్తం అన్నాడు, తర్వాత తనకు తెలియదన్నాడు. విచారణ మొదలయ్యాక యంత్రాన్ని ఒక ఆసుపత్రి మేడమీది గదికి మార్చారు. ఒకసారి ఆకుపచ్చ వెలిగాక గింజను ఊడదీసినా నొక్కేసింది తిరిగి రాదు. దాన్ని తిరిగి ఇవ్వడానికి దారి ఒక్కటే కనబడింది. అల్లిక పెట్టుకున్న మనిషి పక్కన తరళ పట్టీ పెట్టుకుని కూచోవాలి. ఆ గీత రొద కాదని గింజకు మళ్ళీ నేర్పాలి. నేర్చుకున్నాక నొక్కిన చోట వదులుతుంది.

కబురు పెడితే వచ్చినవాళ్ళు తక్కువ. మాకేం లోటు లేదన్నారు చాలామంది. వాళ్ళకి నిజంగానే ఏ లోటూ తెలియడం లేదు. అమ్మలు మాత్రం వచ్చి, మెట్ల మీద కూచుని, పిల్లల్ని తీసుకొస్తామని చెప్పి వెళ్ళేవారు.

"ఈ గుంట ఒక్కర్తీ ఎంతమందికని కూకుంటాది?" అంది అప్పలనరసమ్మ.

"కూచోనీ అమ్మా," అంది సుభాషిణి. ఆమె భయం పోలేదు. ఇంకా పొద్దున్నే లేచి కూతురు నిద్రపోతుంటే తలుపు దగ్గర నిలబడి చూస్తుంది. కానీ ప్రమోద్ పేరు గానీ, ఇంకెవరి పేరు గానీ మళ్ళీ ఎత్తలేదు.

మొదట వచ్చింది హైమ. రఘు తీసుకొచ్చాడు. అతను గుమ్మం బయట నిలబడి లోపలికి తొంగి చూస్తున్నాడు.

"నీకు ఇష్టమేనా?" అని అడిగింది తరళ. "ఎవరో అన్నారని రావద్దు."

హైమ ఆలోచించింది. "లెక్క చేస్తే జవాబు రాకపోతే ఎలా ఉంటుందో అలా ఉందే. జవాబు ఏదైనా సరే, చూడాలనుంది."

"ఒక్కసారిగా మీద పడుతుంది హైమా," అంది సుభాషిణి గింజకు తీగ కలుపుతూ. "ఇన్ని నెలలదీ కలిసి వస్తుంది. తట్టుకోలేకపోతే చెప్పు, ఆపేస్తాను."

"సరే ఆంటీ."

రెండు కుర్చీలూ పక్కపక్కన వేశారు. తరళ పట్టీ పెట్టుకుంది. తెరమీద ఆమె గీత కదులుతోంది; ఇప్పుడు దాన్ని ఎవరూ తీసేయడం లేదు. హైమ తన గోళ్ళు చూసుకుంటూ కూచుంది. కిటికీ బయట అంబులెన్సు వెనక్కి తిరుగుతున్న మోత. రఘు గడియారం చూసుకున్నాడు. ఏమీ జరగలేదు. పని చేయదేమోనని సుభాషిణి ముందుకు వంగింది.

"తరళా."

"ఊఁ."

"నాన్న కళ్ళజోడు ఎవరైనా తీశారా?"

తరళ ఆమె వైపు తిరిగింది. హైమ ఇంకా గోళ్ళే చూస్తోంది. గొంతు మాత్రం మారింది.

"తీయకుండానే తీసుకెళ్ళిపోయారా ఏంటే? నేనక్కడే ఉన్నాను. చూడలేదు. చూడాలని కూడా అనిపించలేదు నాకు." హైమ గోళ్ళ మీంచి చూపు ఎత్తింది. "అది లేకపోతే ఆయనకి మెట్టు కూడా కనబడదే. ఎవరైనా తీశారా?"

"నేను తీశానే. అద్దం మీద గ్రీజు మరక ఉంటే తుడిచి, మా బీరువాలో పెట్టాను."

హైమ నోరు తెరిచింది. శబ్దం రాలేదు. తర్వాత వచ్చింది. ఆ శబ్దానికి రఘు లోపలికి పరుగెత్తుకొచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియక గోడకు ఆనుకుపోయాడు. సుభాషిణి చెయ్యి బొత్తాం మీదికి వెళ్ళింది.

"ఆపొద్దు," అంది హైమ. "ఆపొద్దు ఆంటీ."

ఆమె తల వచ్చి తరళ ఒళ్ళో పడింది. తీగ బిగుసుకుని పట్టీ పక్కకు లాక్కుపోయింది. తరళ ఒక చేత్తో అది ఊడిపోకుండా పట్టుకుంది. రెండో చెయ్యి హైమ వీపు మీద వేసింది.

"ఏడవ్వే," అంది. "ఇవాళ నాకు వేరే పనేం లేదు."